దుప్పటికి అవతలి పాట

ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు. కూరలామె తూచేటప్పుడు తక్కెడ ముల్లు నేనే వంగి చూస్తాను. చాకలి మూట విప్పితే గుడ్డలు రెండుసార్లు లెక్కపెడతాను. కానీ నన్ను ఇంకొకరు అనుమానిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడగకండి, ఇమిడాయి. మా అమ్మది కైరుప్పల. ఉగాది వెళ్ళాక ఊరంతా రెండు జట్లుగా చీలి పిడకలతో కొట్టుకునే ఊరు. ఆ రక్తం నాలో ఎక్కడికీ పోలేదని మా ఆయన ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

ఆయన ఆదోనిలో పత్తి దలాలు. పత్తి తెచ్చిన రైతుకూ, కొనే జిన్నింగు ఫ్యాక్టరీ వాళ్ళకూ మధ్య బేరం కుదర్చడం పని. ఆ బేరం నోటితో జరిగేది కాదు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పేవాళ్ళు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని, నొక్కిన వేళ్ళను బట్టి ధర తెలుసుకునేవాళ్ళు. పైన నోళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. "ఈ రేటుకిస్తే నా కొంప మునుగుతాదప్పా" అని ఒకరు, "దీంట్లో పత్తి యాడుంది, అంతా ఆకే గదా" అని ఇంకొకరు. అదంతా చుట్టూ మూగినవాళ్ళ కోసం. నోటితో అనేది ఉత్తదనీ, వేళ్ళతో చెప్పేదే అసలు ధర అనీ ఆ మార్కెట్లో అందరికీ తెలుసు. అందులో తప్పేమీ లేదు, ఆ వ్యాపారం తీరే అది.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలో ఆదోనికి కొత్త కొత్త ఆఫీసర్లు వచ్చారు. వాళ్ళతో పాటు క్లబ్బులో బ్రిడ్జి పిచ్చి వచ్చింది. అంతకు ముందు రమ్మీ ఆడుకునే వకీళ్ళు, ఫ్యాక్టరీ మేనేజర్లు అందరూ దీని మీద పడ్డారు. మా ఆయన కూడా నేర్చుకున్నాడు. ఇంట్లో సాధన చేయడానికి మనిషి లేక నాకు నేర్పాడు. నేను మద్దికెర పక్క పల్లెలో పుట్టి, అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ పడిన ముక్క ఏదీ మర్చిపోను. మా పక్కింట్లో ఎప్పుడు ఎవరు ఏమన్నారో కూడా మర్చిపోను, అది వేరే సంగతి.

బ్రిడ్జి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. ముక్కలు పంచాక ముందు వేలంపాట నడుస్తుంది. ఏ రంగు తురుపుగా పెట్టుకొని ఎన్ని పట్లు పట్టగలమో ఒకరి మీద ఒకరు పాడుకుంటూ పోవాలి. రెండు ఇస్పేట్లంటే ఇంత, నాలుగు ఇస్పేట్లంటే ఇంకా ఎక్కువ. ఎదుటివాళ్ళు పాడినన్ని పట్టలేరనుకుంటే "డబుల్" అనాలి, చెప్పడానికేమీ లేకపోతే "పాస్" అనాలి. నా చేతిలో ఏముందో నా జతగాడికి తెలిసే దారి ఆ పాట ఒక్కటే. కన్ను గీటకూడదు, దగ్గకూడదు, నిట్టూర్చకూడదు. నేను అన్న మాటే నా చేయి. ఈ ఆటలో నాకు నచ్చింది అదే. పల్లెలో గానీ, అత్తగారింట్లో గానీ నా మాటకు అంత విలువ ఎవరూ ఇవ్వలేదు.

ఒక ఆదివారం క్లబ్బులో నాలుగో మనిషి రాలేదు. ఆడవాళ్ళ గదిలో కూర్చున్న నన్ను మా ఆయన పిలిచాడు. మొహమాటపడుతూనే కూర్చున్నాను, కూర్చున్నాక మొహమాటం పోయింది. ఆ రోజు గెలిచాం. ఆ తర్వాత కూడా గెలుస్తూ వచ్చాం. చివరికి క్లబ్బు తరఫున మ్యాచీల్లో కూడా మా ఇద్దరినే కూర్చోబెట్టారు. ఆదోని క్లబ్బులో ఒక ఆడది మ్యాచీ బల్ల దగ్గర కూర్చోవడం నాతోనే మొదలు. మా ఆయన ముక్కలు బాగా ఆడతాడనీ, నేను బాగా పాడతాననీ అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అన్నం తిన్నట్టుండేది.

అలాంటి రోజుల్లో ఎమ్మిగనూరు వాళ్ళు మాతో పోటీకి వచ్చారు. వచ్చింది ఇద్దరు. ఒకాయన నూలు వ్యాపారి, పెద్దాయన, తెల్లని మీసాలు, మగ్గాల మధ్య పెరిగిన మనిషి. రెండో ఆయన అక్కడి డాక్టరు. డాక్టరు నోట్లోంచి పాట తప్ప ఇంకో మాట రాదు. అంత తక్కువ మాట్లాడే మనిషిని నేను ఎప్పుడూ నమ్మను. పెద్దాయన వస్తూ వస్తూ మా క్లబ్బు సెక్రటరీకి కానుకగా ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన పెద్ద దుప్పటి ఒకటి తెచ్చాడు. పోటీకి వచ్చేవాడు కానుక ఎందుకు తెస్తాడని నాకు అప్పుడే అనిపించింది.

పొద్దున ఆటలో పెద్దాయన ఆఠీన్లు పాడాడు. నేను "రెండు ఇస్పేట్లు" అన్నాను. మా ఆయన నా వంక ఒకసారి చూసి ఏకంగా "నాలుగు ఇస్పేట్లు" అన్నాడు. ఆయన చేతిలో పెద్దగా ఏమీ లేదు, నా చేయి మాత్రం నిండుగా ఉంది. గెలిచాం. మధ్యాహ్నం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మళ్ళీ కూర్చున్నాం. మళ్ళీ పెద్దాయన ఆఠీన్లు, మళ్ళీ నేను "రెండు ఇస్పేట్లు". ఈసారి మా ఆయన "పాస్" అన్నాడు. ముక్కలు పరిస్తే ఆయన దగ్గర ఆసు, రాజు, మంచి ఇస్పేట్లు. నా దగ్గరే ఏమీ లేవు. సరిగ్గా రెండు ఇస్పేట్లకు సరిపడా పట్లే వచ్చాయి, ఒక్కటి కూడా ఎక్కువ రాలేదు. నాలుక్కి పోయి ఉంటే మునిగేవాళ్ళం.

పెద్దాయన ముక్కలు కలపడం ఆపి మా ఆయన వైపు తిరిగాడు.

"పొద్దున ఈయమ్మ రెండు ఇస్పేట్లంటే నాలుక్కి పోతివి. ఇప్పుడు అదే మాటంటే ఊరకుంటివి. అప్పటికన్నా ఇప్పుడు నీ సేతిలో మంచి ముక్కలుండాయి గదప్పా. ఎట్ల తెలిసె నీకు?"

"ఏమో అన్నా, మనసుకు అట్ల తోసె" అన్నాడు మా ఆయన.

"మనసుకు తోసెనా, కంటికి కనపడెనా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమంటాండావు పెద్దాయనా? మేం సైగలు సేసుకుంటాండామనా?"

"నేనట్ల అన్లేదు తల్లీ. అడుగుతాండా, అంతే. మొగుడూ పెండ్లాలు గదా, కన్ను కదిలితే సాలు."

నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. సెక్రటరీ వకీలు, గొడవలు తీర్చడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పరుగున వచ్చాడు. "ఇది దసరా నాటి దేవరగట్టు కాదమ్మా, కర్రలెత్తొద్దు. కూర్చో, కూర్చో" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "మా మీద అంత అనుమానముంటే మా ఇద్దరి మధ్య అడ్డం కట్టండి. గోడ కట్టుకోండి కావాలంటే!" అని అరిచాను.

కోపంలో అన్న మాటను పెద్దాయన పట్టేసుకున్నాడు. "గోడెందుకు, దుప్పటి ఉంది గదా" అని తాను తెచ్చిన కానుకే విప్పాడు. కిటికీ చువ్వకూ తలుపు కొక్కేనికీ తాడు కట్టి, బల్ల మీదుగా ఐమూలగా దుప్పటి వేలాడదీశారు. ఒక పక్క నేనూ పెద్దాయనా, ఇంకో పక్క మా ఆయనా డాక్టరూ. పాట అయ్యేదాకా దుప్పటి ఉంటుంది, ఆట మొదలు కాగానే ఎత్తేస్తారు. నా గొంతు అటు వినబడుతుంది, మనిషిని కనబడను.

సెక్రటరీ నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. "అడ్డం ఉన్నా లేకపోయినా మీ ఆట ఒకేలా ఉంటే ఈ మాట ఇక్కడితో పోతుందమ్మా. లేదంటే మొగుడూ పెళ్ళాలు మ్యాచీలో కలిసి కూర్చోరాదని అనుకోవాల్సి వస్తుంది." అంటే నన్ను లేవమనడమే. ఇంకొకరి భార్యను తనకెదురుగా కూర్చోబెట్టుకొని ఆడే మగవాడు ఆ క్లబ్బులో ఎవరూ లేడు. నేను బెదరలేదు. మేము ఏ సైగా చేసుకోలేదని నాకు తెలుసు. దుప్పటి కాదు కదా, ఆదోని కోట అడ్డం పెట్టినా మా ఆట మారదనుకున్నాను.

మొదట పంచిన చేతిలో నాకు ఇస్పేటు రాణి, దాని కింద చిల్లర ఇస్పేట్లు, మిగతా అంతా చెత్త వచ్చింది. పక్కనే పెద్దాయన మీసం సవరించుకుంటూ "ఒక ఆఠీను" అన్నాడు. ఆయన అలా అనడం, నేను నోరు మూసుకొని కూర్చోవడం నావల్ల కాలేదు. "రెండు ఇస్పేట్లు" అన్నాను. అవతలి నుంచి మా ఆయన గొంతు కాస్త ఆలస్యంగా వచ్చింది. "నాలుగు ఇస్పేట్లు." వెంటనే నా పక్కన పెద్దాయన "డబుల్" అన్నాడు. దుప్పటి ఎత్తి ఆడితే నాలుగు పట్లు తక్కువ పడ్డాయి.

తర్వాతి చేతిలో నిజంగా మంచి ముక్కలు వచ్చాయి. మళ్ళీ అదే రెండు ఇస్పేట్లు. ఒకసారి చెయ్యి కాలినవాడు కదా, ఈసారి మా ఆయన "పాస్" అన్నాడు. అక్కడ హాయిగా నాలుగు ఇస్పేట్లు వచ్చేవి. ఒకే మాటకు ఆయన రెండుసార్లు ఊహించాడు, రెండుసార్లూ తప్పాడు. ఆ సాయంత్రం మేము ఆడిన ఆట చూస్తే, నిన్న ముక్కలు పట్టుకున్నవాళ్ళు కూడా మమ్మల్ని ఓడించేవాళ్ళు. పెద్దాయన తాను కానుకగా ఇచ్చిన దుప్పటే మళ్ళీ మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే పెద్దాయన అడ్డుపడ్డాడు. "ఒక్కనాటి ఆటతో ఏమీ తేలదు వకీలు సాబ్. వానలు వెనకబట్టినాంక మా ఊర్లో ఇంకోసారి కూసుందాం. దుప్పటి నేనే కడతా. అంతదాకా ఈయమ్మను ఏమీ అనాకండి." ఆ మంచితనం కూడా నాకు అనుమానంగానే అనిపించింది. మళ్ళీ ఓడించి, తన ఊళ్ళో తన మనుషుల ముందు నవ్వుకోవాలని కాబోలు అనుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయన చొక్కా విప్పకముందే నిలేశాను. నేను పల్లె దాన్ని, ఆయన్ని నువ్వనే అనేదాన్ని.

"ఇన్నాళ్ళూ నా మొగం సూసి ఆడతాంటివా?"

"మొగం కాదు" అన్నాడు, ఏమీ జరగనట్టు. "వేళ్ళు."

"ఏం వేళ్ళు?"

"నీ వేళ్ళే. మంచి ముక్కలొస్తే వదులుగా పట్టుకుంటావు. సెత్త వస్తే బొటనేలు నొక్కిపెట్టి పట్టుకుంటావు, ఎవరో గుంజుకపోతాండారన్నట్ల. అది సూస్తే సాలు గదా."

"మరి నా పాట?"

"నీ పాట యాడ విన్నా నేను? నోటిమాట ఎవరింటారు మ్మే?"

ఆయన తప్పు చేశాననుకోలేదు. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది. ఆ మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా నోళ్ళను పక్కనబెట్టి వేళ్ళను వినేవాడు. బ్రిడ్జి బల్ల దగ్గర కూడా తువ్వాలు లేని బేరంలాగే కూర్చున్నాడు. నేను గొంతెత్తి పాడిన ప్రతి పాటా ఆయనకు చుట్టూ ఉన్నవాళ్ళ కోసం వేసే కేక. నేను బాగా పాడతానని క్లబ్బంతా మెచ్చుకున్న ఆ గెలుపులన్నీ నా బొటనవేలివి. నాకు ఏడుపొచ్చింది. దుఃఖంతో వచ్చే ఏడుపు కాదు, పళ్ళు కొరుక్కుంటే వచ్చే ఏడుపు.

అక్కడితో ఆగితే నేను నేను కాదు. ఇంకా తవ్వుకున్నాను. సినిమాకు రానంటే ఈయన టికెట్లు ఎందుకు తెచ్చేవాడు? ఆకలి లేదంటే రొట్టె ఎందుకు దాచి ఉంచేవాడు? పుట్టింటికి పోనక్కర్లేదంటే మర్నాడే బండి ఎందుకు మాట్లాడేవాడు? అప్పుడల్లా ఎంత మంచివాడో అనుకున్నాను. అంటే ఈ ఇంట్లో కూడా నా మాట ఎవరూ వినడం లేదన్నమాట. పైగా ప్రతిసారీ ఆయన ఊహే నిజమయ్యేది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంటింటి దూలానికి నా పాత చీర కట్టి, చీరకు ఇవతల నేను కూర్చొని, "రా, కూసో" అన్నాను. "ఇప్పుడు నా మాట ఇను."

ముక్కలు నలుగురికీ అన్నట్టు పంచి, రెండు వాటాలు నేల మీద బోర్లా పెట్టేవాళ్ళం. మిగతా రెండూ మేము తీసుకొని, చీరకు అటూ ఇటూ కూర్చొని పాట మాత్రం పాడేవాళ్ళం. పాట అయ్యాక అన్నీ పరిచి ఎవరు తప్పారో చూసేవాళ్ళం. చాలాసార్లు తప్పింది నేనే. ఇస్పేటు రాణిని చూస్తే ఆసులా పాడేదాన్ని. క్లబ్బులోనైతే ఎదుటివాళ్ళు ఏదైనా అంటే వాళ్ళ మాట చెల్లనివ్వకూడదని పాడేదాన్ని. కోపమొస్తే డబుల్ అనేదాన్ని. డబుల్ అంటే "మీరు పట్టలేరు, నా దగ్గర ఆధారముంది" అని చెప్పడం, "మీ మొహం నాకు నచ్చలేదు" అని చెప్పడం కాదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అన్నిటికన్నా కష్టం "పాస్" అనడం. చేతిలో ఏమీ లేదని పదిమందిలో ఒప్పుకోవడం మా కైరుప్పల వైపు ఎవరికీ అలవాటు లేదు.

ఆయన తప్పు వేరు. ఆయన నమ్మలేకపోయేవాడు. నేను "మూడు ఇస్పేట్లు" అంటే చీర అవతలి నుంచి "నిజంగానా?" అనేవాడు.

"అట్ల అడగగూడదు!"

"నువ్వు నిజంగా అంటాండావా, ఊరికే అంటాండావా, ఎట్ల తెలిసేది?"

"అంటినా లేదా? అన్నానంటే ఉన్నట్టే!"

ఒకరోజు చీర అంచు కదిలినట్టనిపించింది. తొంగి చూస్తున్నాడని రుబ్బురోలు పొత్రం తెచ్చి అంచు మీద పెట్టాను. తనని పరీక్షించడానికి నేను కావాలనే తప్పు పాడుతున్నానని ఆయనకు అనుమానం. అది నిజమే, ఒకసారి పాడాను, వింటాడో లేదో చూద్దామని. విన్నాడు. ఘోరంగా ఓడిపోయే చేయి అది. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా లేవకుండా కూర్చొని నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు చెప్పలేదు.

వానలు వెనకబట్టాయి. పత్తి ఇంకా మార్కెట్టుకు రాని రోజుల్లో ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాం. పెద్దాయన నూలు దుకాణం మీది గదిలో ఆట పెట్టారు. కింద వీధంతా మగ్గాల చప్పుడు. కిటికీకీ తలుపుకూ అదే దుప్పటి, అదే ఐమూల. నాకు కుడి పక్కన పెద్దాయన. అవతల మా ఆయనా, మాట రాని డాక్టరూ. చుట్టూ చూడ్డానికి వచ్చినవాళ్ళు అందరూ వాళ్ళ మనుషులే. నా వెనక ఎవరినీ నిలబడనివ్వలేదు, ముక్కలు చూసి సైగ చేస్తారని నా అనుమానం. పెద్దాయన నవ్వి నా కుర్చీని గోడకు చేర్చి వేయించాడు.

ఆట మా వంటింట్లో ఆడినట్టే ఆడాం. రెండు మూడు చోట్ల పాడాలని నాలుక దురద పెట్టినా "పాస్" అన్నాను. ఆయన కూడా "నిజంగానా" అనలేదు. అయినా వాళ్ళు గట్టి ఆటగాళ్ళు. చివరి చేతికి వచ్చేసరికి మేము కాస్త వెనకబడి ఉన్నాం. ఇది పోతే అంతా పోయినట్టే, సెక్రటరీ మాట నిలబడుతుంది, నేను మళ్ళీ ఆడవాళ్ళ గదిలోకి పోవాలి.

పెద్దాయన ముక్కలు విప్పి చూసుకొని "ఒక ఆఠీను" అన్నాడు. నా ముక్కలు చూసుకున్నాను. ఆఠీన్లలో రాజు, జాకీ, పది, ఇంకో చిన్నది. బయటి రంగుల్లో రెండు ఆసులు, ఒక రాజు. పాత నేనైతే అక్కడే ఏదో ఒకటి అరిచేదాన్ని. "పాస్" అన్నాను. అవతలి నుంచి డాక్టరు "మూడు ఆఠీన్లు" అన్నాడు. మా ఆయన "పాస్". పెద్దాయన "నాలుగు ఆఠీన్లు" అని ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టాడు, గెలిచేసినట్టు.

ఆయన తర్వాత ముక్క వేసేదాన్ని నేను. ఆయన పెద్ద ఆఠీను వేస్తే దాని మీద నాది పడుతుంది. ఇది కోపమేనా అని ఒకసారి నన్ను నేను అడిగి చూసుకున్నాను. కాదు, ఆధారముంది. "డబుల్" అన్నాను.

అప్పుడే కిటికీలోంచి గాలి కొట్టింది. దుప్పటి అంచు లేచి ఆడింది. డాక్టరు "పాస్" అన్నాడు. ఇక మా ఆయన వంతు. కింద మగ్గాలు టకటకమంటూనే ఉన్నాయి. నా డబుల్‌ను నమ్మకపోతే ఆయన తన రంగు ఏదో పాడి పారిపోవచ్చు. అప్పుడు నా మాట అక్కడికక్కడే చచ్చిపోయినట్టు.

"పాస్" అన్నాడు.

దుప్పటి ఎత్తారు. పెద్దాయన ఆఠీన్లు నేను అనుకున్నట్టే నా కింద చిక్కాయి. రెండు పట్లు తక్కువ పడ్డాయి. డబుల్ మీద నష్టం రెట్టింపు కాబట్టి ఆట మాది. ఆడుతుంటే మా ఆయన చేతిలో ఏముందో బయటపడింది. ఒక్క ఆఠీను లేదు, ఒక్క ఆసు లేదు, ఒక్క రాజు లేదు. ఉన్నవన్నీ పనికిమాలిన చిల్లర, రాణి మొదలుకొని ఏడు ఇస్పేట్లు. ఆ చేయి పట్టుకున్నవాడెవడైనా డబుల్ వినగానే భయపడి "నాలుగు ఇస్పేట్లు" అని పారిపోయేవాడు. పారిపోయి ఉంటే మునిగేవాళ్ళం.

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. "ఇంక దుప్పటి కట్టేది లేదు తల్లీ. వకీలుకు నేనే సెప్తా. నీ మాట మీద ఆయన నిలబడినాడు, నా కండ్లతో సూస్తి." చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. టీ తెప్పించారు. నేను టీ తాగుతున్నానే గానీ మనసు అక్కడ లేదు. గాలికి దుప్పటి లేచింది. నేను డబుల్ అన్నప్పుడే లేచింది. నాకు మా ఆయన పంచె కుచ్చిళ్ళు కనబడ్డాయి. నాకు అవి కనబడితే ఆయనకు నా వేళ్ళు కనబడవా?

బస్టాండుకు నడుస్తూ ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"గాలికి దుప్పటి లేసె గదా" అన్నాను. "అప్పుడు నా సేతులు సూస్తివా?"

ఆయన నిలబడిపోయాడు. నా వంక చూశాడు. మొహం వాడిపోయింది. అంతదాకా గెలిచిన పిల్లవాడిలా నడుస్తున్న మనిషి, నా ముందు నుంచి దూరంగా పోయి బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. అడగకుండా ఉండాల్సిందని ఒక మనసు అంది. అయినా దలాలు కదా, మొహం వాడ్చుకోవడం కూడా తెలిసే ఉంటుందని ఇంకో మనసు అంది. ఆ రెండో మనసును నేను చంపలేను, నాతోనే పుట్టింది.

అంతలో డాక్టరు సైకిలు దిగి నా దగ్గరికి వచ్చాడు. ఏదో మందుచీటీ రాసేవాడిలా మొహం పెట్టుకొని ఉన్నాడు. ఆ మనిషి నోట పాట తప్ప ఇంకో మాట వినడం అదే మొదలు.

"అమ్మా, మీ ఆయనకు కండ్లలో ఏమన్నా బాధ ఉందా?"

"ఎందుకు?"

"ప్రతి సేతికీ ముక్కలు ఒకసారి సూసుకొని, సర్దుకొని, కండ్లు మూసుకుంటాండె. పాట అయ్యేదాకా తెరిసేది లేదు. ఆఖరి సేతిలో నువ్వు డబుల్ అంటివి సూడు, గాలికి దుప్పటి లేసె, అప్పుడు ఇంకా గట్టిగా మూసుకొనె. వెలుతురు పడక అట్ల సేస్తాండాడేమో అనుకొంటి. కండ్లు ఎర్రబడితే సూపించుకోమని సెప్పు. తెల్లారి ఆస్పత్రికి వస్తే నేనే సూస్తా."

తల ఊపాను. డాక్టరు సైకిలెక్కి పోయాడు.

బస్సు వచ్చింది. ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. ఆయన అటు తిరిగి నల్లరేగడి చేలు చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు, చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది గానీ, ఒళ్ళంతా పొంగినంత సంతోషమేసింది. వేళ్ళు తప్ప ఇంకేదీ నమ్మని మనిషి, నా గొంతు ఒక్కటే వినడానికి కళ్ళు మూసుకున్నాడు. కాస్త దూరం పోయాక ఆయన మోచెయ్యి తట్టాను.

"కండ్లు మూసుకొంటినని ఆడనే సెప్పకూడదా?"

ఆయన ఇటు తిరిగాడు. "సెప్తే నమ్ముదువా?"

నమ్ముదును అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. అన్ని నెలలు చీరకు ఇవతల కూర్చొని నేను నేర్చుకున్నది, లేనిది ఉన్నట్టు పాడకూడదని.

"నమ్మకపోదును" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. ఆ మాట మాత్రం వినగానే నమ్మాడు.